‘తిన్నది’ వేరు, ‘నోట్లోకి వెళ్లింది’ వేరు: ఒక టీచర్ గారి కేస్ స్టడీ

కుర్చీలో కూర్చుంటూనే ఆవిడ అన్న మొదటి మాట: "నీళ్లు తాగినా ఒళ్లు చేస్తోంది మేడమ్." పక్కనున్న అత్తగారు వెంటనే అందుకున్నారు: "నా కోడలు ఏం తింటది తల్లీ, పిట్ట తిన్నట్టు తింటది. నేను రోజూ చూస్తనే ఉన్న కద."

ఇద్దరూ మనసులో ఉన్నదే చెప్పారు. ఆ తర్వాత పది రోజులు తూకం వేసి రాసిన లెక్కలో ఆవిడ తింటున్నది ఆవిడ చెప్పినదానికి దాదాపు రెట్టింపు వచ్చింది. అబద్ధం చెప్పని మనిషి లెక్క అంత ఎలా తప్పుతుంది? డైటీషియన్‌గా నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇదే కాబట్టి ఈ కేసు వివరంగా రాస్తున్నాను. ఆవిడ అనుమతి ఉంది. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మొదటి రోజు

వయసు 43. మల్కాజిగిరిలో ఇల్లు, ప్రభుత్వ పాఠశాలలో ఉద్యోగం. ఇంట్లో అయిదుగురు: భర్త, అత్తగారు, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి, ఆరో తరగతి బాబు. గణేశ్ నిమజ్జనం అయిన వారానికి నల్లకుంటలోని నా క్లినిక్‌కి వచ్చారు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు, నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, బీఎంఐ, 30.4. మన భారతీయుల శరీర తీరుకి 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1, అంటే షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు కానీ గుమ్మంలో నిలబడి ఉంది. ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. బరువంతా దానివల్లే అని ఆవిడ నమ్మకం. కానీ రిపోర్టుల్లో థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ అదుపులోనే ఉంది. మాత్రతో టీఎస్‌హెచ్ సరిగ్గా ఉన్నప్పుడు ఏడాదిలో 4 కిలోలు పెరగడానికి థైరాయిడ్‌ని తప్పుపట్టలేం.

నిన్న ఏం తిన్నారో చెప్పమన్నాను. పొద్దున మూడు ఇడ్లీలు, చట్నీ. మధ్యాహ్నం బాక్సులో అన్నం, కూర, కొంచెం పెరుగు. రెండు టీలు, రెండు బిస్కెట్లు. రాత్రి రెండు పుల్కాలు, కూర. అక్కడే లెక్క వేస్తే దాదాపు 1,150 క్యాలరీలు వచ్చింది.

ఆ బరువుకీ ఎత్తుకీ వయసుకీ ఒంట్లో పని ఏమీ లేకుండా పడుకుని ఉన్నా 1,340 దాకా ఖర్చవుతుంది. ఇది మిఫ్లిన్ సూత్రం ప్రకారం వేసిన లెక్క. రోజంతా నిలబడి పాఠాలు చెప్పడం, బస్సు ప్రయాణం, ఇంటి పని కలిపితే రమారమి 2,000. నిజంగా 1,150 తింటూ ఉంటే ఈ ఏడాదిలో ఆవిడ బాగా సన్నబడి ఉండాలి. లెక్కలో ఎక్కడో ఎనిమిది, తొమ్మిది వందలు కనిపించడం లేదు. ఆ రోజు ఆ మాట ఆవిడతో అనలేదు. అంటే మనిషి మూసుకుపోతుంది. ఇరవై ఏళ్ల పని నేర్పిన మొదటి పాఠం అది.

మన భాషలో ‘తినడం’ అంటే అన్నమే

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట చెప్పాలి. "తిన్నారా?" అని అడిగితే తెలుగువాళ్లకి వినిపించేది "అన్నం తిన్నారా?" అనే. ఇడ్లీ అయితే టిఫిన్ చేశాం అంటాం, పొద్దున్నే ఏదో కాస్త అయితే ఎంగిలిపడ్డాం అంటాం. టీ తాగాం, కూర రుచి చూశాం, పల్లీలు నోట్లో వేసుకున్నాం. పిల్లాడు వదిలేసింది పారేయలేక ముగించాం. ఇందులో ఒక్కదాన్ని కూడా ‘తిన్నాం’ అనం. అందుకే ఏం తిన్నారని అడిగితే మనిషికి కంచం ముందు కూర్చున్న సమయాలే గుర్తొస్తాయి. నిలబడి, నడుస్తూ, గిన్నె కడిగే ముందు వేలితో తుడిచి నోట్లో పెట్టుకున్నవి జ్ఞాపకంలో చోటు చేసుకోవు.

అందుకని కొన్నేళ్లుగా నేను ఆ ప్రశ్న మానేశాను. టీచర్ గారికి రెండు వందల పేజీల నోటుబుక్కు ఇచ్చి, పైన "నోట్లోకి ఏం వెళ్లింది?" అని రాశాను. నీళ్లు తప్ప ఏది వెళ్లినా టైముతో సహా రాయాలి. వీలైన చోట చిన్న డిజిటల్ కాటా మీద పెట్టి గ్రాములు రాయాలి. పది రోజులు. ఈ పది రోజులూ ఏమీ తగ్గించొద్దు, ఏమీ మానొద్దు, ఎప్పటిలాగే ఉండండి అని గట్టిగా చెప్పాను. ఎంత చెప్పినా రాస్తున్నామన్న స్పృహతో మొదటి రెండు మూడు రోజులు అందరూ తక్కువే తింటారు. అందుకే మొదటి మూడు రోజులు నేను లెక్కలోకి తీసుకోను. నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా, ఒక ఆదివారం కలిసొచ్చేలా, ఏడు రోజులే నాకు లెక్క.

ఈ పని మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరినీ ఒక విషయం అడుగుతాను: ఎప్పుడైనా తిండి విషయంలో విపరీతంగా భయపడటం, మానుకోవడం, తిన్నది కక్కుకోవడం లాంటివి జరిగాయా అని. జరిగితే కాటా ఇవ్వను. టీచర్ గారికి అలాంటి చరిత్ర లేదు. ఇంట్లో మిగతావాళ్ల గురించి అడగలేదు. ఆ ప్రశ్న విలువ తర్వాత తెలిసింది.

నా పొరపాటు

రెండో రోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్. గొంతులో ఏడుపు. "మేడమ్, మధ్యాహ్నం అన్నం ఒక్కటే వెయ్యి దాటింది. రాత్రి ఏమీ తినలేదు."

నోటుబుక్కుతో పాటు ఫోన్‌లో ఒక యాప్ కూడా వాడుతున్నారు. అందులో ‘బియ్యం’ అని ఎంచుకుని, కాటా మీద చూసిన 290 గ్రాములు కొట్టారు. కాటా మీద పెట్టింది వండిన అన్నం. బియ్యం 100 గ్రాములకి 356 క్యాలరీలు. అదే బియ్యం ఉడికి నీళ్లు తాగి రెండున్నర, మూడు రెట్లు బరువెక్కాక 100 గ్రాములకి దాదాపు 130 ఉంటుంది. అంటే ఆవిడ తిన్నది దాదాపు 380. యాప్ చూపించింది 1,030. ఈ తేడా మొదటి రోజే చూపించి పంపాల్సింది నేను. చెప్పలేదు. నా వల్ల ఒక మనిషి రాత్రి భోజనం మానేసి భయంతో పడుకుంది. వెంటనే లేచి పెరుగన్నం తినమని చెప్పి, తిన్నాక ఫోన్ చేయమన్నాను. చేశారు. అప్పటి నుంచి ఎవరికి కాటా ఇచ్చినా, ముందు నా టేబుల్ మీదే ఒక గిన్నెలో బియ్యం, ఒక గిన్నెలో అన్నం తూచి చూపిస్తున్నాను.

యాప్‌ల గురించి ఇంకో మాట. ‘దోశ ఒకటి’ అని వెతికితే పది రకాల అంకెలు వస్తాయి. ఇంట్లో పలుచగా వేసిన దోశా, బండి మీద వెన్న కరిగించి వేసిన కారం దోశా ఒకటే ఎలా అవుతాయి? నేను లెక్కకు వాడేది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలు. 528 ఆహార పదార్థాల విలువలు అందులో ఉన్నాయి. శక్తి కిలోజౌళ్లలో ఇచ్చారు కాబట్టి 4.184తో భాగించుకోవాలి. ఎక్కువగా పచ్చి సరుకుల విలువలే ఉంటాయి. వండిన కూరకి లెక్క మనమే కట్టుకోవాలి.

వంకాయ కూర

ఆ లెక్క ఎలా కడతామో ఒక్క కూరతో చూపిస్తాను. ఎందుకంటే ఈ కేసు మలుపు తిరిగింది ఇక్కడే.

ఆరో రోజు నోటుబుక్కులో ‘వంకాయ కూర, కొంచెం, 40 క్యాలరీలు’ అని ఉంది. కూరగాయే కదా అని ఆవిడ వేసిన అంకె. తర్వాతి సెలవు రోజు నేను వాళ్లింటికి వెళ్లాను. అత్తగారు అదే కూర వండుతుంటే పొయ్యి పక్కన కాటా పెట్టుకుని నిలబడ్డాను. వంకాయలు 500 గ్రాములు. ఉల్లిపాయలు 100. వేయించిన పల్లీలూ నువ్వులూ కలిపి దంచిన పొడి 40. నూనె పోసేది స్టీలు గుంటగరిటెతో, కొలత కంటి అంచనా. మొదట రెండు గరిటెలు. ముక్కలు మూకుడికి అంటుకుంటున్నాయని మధ్యలో ఇంకొకటి. మూడూ కలిపి 70 గ్రాములు.

గ్రాము నూనెకి 9 క్యాలరీలు. నూనె ఒక్కటే 630. పొడి ఇంచుమించు 220. వంకాయలు 125. ఉల్లిపాయలు 50. మొత్తం 1,025. దించాక కూర బరువు 560 గ్రాములు. టీచర్ గారు ఎప్పటిలాగే వడ్డించుకున్న ‘కొంచెం’ 110 గ్రాములు తూగింది. అంటే 200. నోటుబుక్కులోని 40కి అయిదు రెట్లు. ఆ 200లో నూటపాతిక దాకా నూనెదే.

కాగితం మీద లెక్క పూర్తయ్యాక ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అత్తగారికి వినపడకుండా అడిగారు: "అంటే ఇన్నేళ్లూ ఇదేనా మేడమ్?"

వంటింట్లో నూనె ఖర్చు అడిగాను. నెలకి 5 లీటర్ల డబ్బా ఒకటి, పైన ఒక లీటరు ప్యాకెట్. అయిదుగురికి రోజుకి 200 మిల్లీలీటర్లు. మనిషికి 40, అంటే 37 గ్రాములు. కూర్చుని పనిచేసే స్త్రీకి పోషకాహార సంస్థ చెప్పేది రోజుకి 20 గ్రాములు. తొక్కుల్లో తేలే నూనె, పప్పులో వేసుకునే నెయ్యి ఇందులో కలపలేదు. అయిదుగురు ఉన్న ఇళ్లలో నేను రోజూ చూసే లెక్క ఇంచుమించు ఇదే. ఈ ఇంట్లో ప్రత్యేకంగా ఎవరి తప్పూ లేదు.

పుస్తకం చెప్పింది

ఏడు రోజుల సగటు: మామూలు రోజుల్లో 1,960, ఆదివారం 2,890, మొత్తం మీద రోజుకి 2,093. ఆదివారం పేజీ మొదట ఖాళీగా వచ్చింది. "చుట్టాలొచ్చారు, రాయలేకపోయాను" అన్నారు. ఖాళీగా వదిలే రోజే అన్నిటికంటే ఎక్కువ చెప్పే రోజని నా అనుభవం. అందుకే ఆ తర్వాతి ఆదివారం రాసుకు రమ్మన్నాను. అందులో బిర్యానీ, సాలన్, డబల్ కా మీఠా ఉన్నాయి. ఆ పూట కంచంలో బిర్యానీ ఒక్కటే 450 గ్రాములు.

మిగతాది చిన్న చిన్న చోట్ల దాక్కుని ఉంది. రాత్రి రెండు పుల్కాలు అని చెప్పింది నిజమే. కానీ పుల్కాల తర్వాత ప్రతి రాత్రీ పెరుగన్నం ఉంది. అది లేకపోతే భోజనం అయినట్టు ఉండదు. ఆవిడకది భోజనం ముగింపు, వేరే తిండిలా అనిపించదు. తూస్తే అన్నం 130 గ్రాములు, పెరుగుతో కలిపి 230 క్యాలరీలు. టీలు రెండు కాదు, నాలుగు. ఇంట్లో చిక్కటి పాలు, రెండు చెంచాల చక్కెరతో పెద్ద కప్పులు రెండు, స్టాఫ్ రూములో చిన్నవి రెండు. కలిపి 320. బాబు స్కూలు నుంచి తెచ్చే బాక్సులో మిగిలింది, అమ్మాయి కంచంలో వదిలేసిన సగం చపాతీ, పోపు పెట్టాక రుచి చూసినవి, అన్నీ కలిపి రోజుకి 120 దాకా.

2,093కీ ఒంటికి ఖర్చయ్యే 2,000 చిల్లరకీ తేడా ఎనభై పైచిలుకు. కిలో కొవ్వుకి మోటు లెక్కన 7,700 క్యాలరీలు. రోజుకి 84 చొప్పున ఏడాది మిగిలితే 4 కిలోలు. ఏడాదిలో ఆవిడ పెరిగింది సరిగ్గా అంతే. ఇంత చక్కగా కుదరడం అరుదు. నా అంచనాల్లో నూరు అటూ ఇటూ తేడా ఉండొచ్చు కూడా. అయినా ఆవిడకి దీనితోనే పెద్ద ఊరట దొరికింది. రోజుకి ఒక కప్పు టీ అంత ఎక్కువే తన ఏడాది బరువని తెలిసింది. తన ఒళ్లు చెడిపోలేదనీ, చేయాల్సిన పనే చేస్తోందనీ అర్థమైంది.

ఆవిడకి 1992 నాటి ఒక అధ్యయనం గురించి కూడా చెప్పాను. న్యూయార్క్‌లో చేశారు, న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 1,200 క్యాలరీల లోపే తింటున్నా తగ్గడం లేదని చెప్పిన పదిమందిని తీసుకుని, ప్రత్యేక గుర్తులున్న నీళ్లు తాగించి ఒంట్లో నిజంగా ఎంత ఖర్చవుతోందో కొలిచారు. జీవక్రియలో లోపం లేదు. తిన్నదాన్ని సగటున 47 శాతం తగ్గించి చెప్పారు, చేసిన వ్యాయామాన్ని 51 శాతం పెంచి చెప్పారు. మన టీచర్ గారి తేడా 45 శాతం. "అయితే నేనొక్కదాన్నే కాదన్నమాట" అన్నారు. మొదటిసారి నవ్వింది అప్పుడే.

అత్తగారు

నూనె తగ్గించాలంటే గరిటె ఎవరి చేతిలో ఉందో వాళ్లని కలుపుకోవాలి. నలభై ఏళ్లుగా ఆ వంటిల్లు ఆవిడది. కాటా చూసి ముఖం చిన్నబుచ్చుకున్నారు. "నా చేతి వంటకి కొలతలా తల్లీ?" అన్న మాటలో కోపం కంటే నొప్పి ఎక్కువ ఉంది. ఆ నొప్పిని దాటి ఏ డైట్ చార్టూ ఆ ఇంట్లోకి వెళ్లదు.

నేను నూనె తగ్గించమని అడగలేదు. "పెద్దమ్మా, నాకొక సాయం చేయాలి. ఈ సీసా మీద గీతలు గీశాను, రోజుకో గీత. ఏ రోజు ఎంత దిగిందో మీరే చూసి చెప్పాలి, మీ కోడలికి కుదరదు" అన్నాను. లీటరు సీసా మీద మార్కర్‌తో 135 మిల్లీలీటర్లకి ఒక గీత. రెండు వారాలకి ఆవిడే ఫోన్ చేశారు: వంకాయలు ముందు ఆవిరి మీద మగ్గించి తర్వాత నూనెలో వేస్తే గరిటెన్నరతో అయిపోతోందట, రుచి పోలేదట. ఆ ఉపాయం ఆవిడదే, నాకు తెలియదు. నెలకి 6 లీటర్లు 4 అయ్యాయి. లాభం అయిదుగురికీ.

మిగతా ప్లాన్ క్లుప్తంగా: రోజుకి 1,650 దగ్గర. అన్నం మాననివ్వలేదు. రాత్రి ఒక పుల్కా, ఆ తర్వాత పెరుగన్నం అలాగే. టీలు మూడు, చెంచా చక్కెర. ప్రొటీన్ 48 గ్రాములే వస్తోంది కాబట్టి పొద్దున ఒక గుడ్డు, సాయంత్రం స్టాఫ్ రూములో బిస్కెట్ల బదులు ఉడికించిన శనగలు, మధ్యాహ్నం బాక్సులో పప్పు చిక్కగా. స్కూలు నుంచి వచ్చేటప్పుడు రెండు స్టాపుల ముందు దిగి నడక.

నాలుగో వారం

అంతా సాఫీగా నడుస్తోంది అనుకుంటుండగా టీచర్ గారు ఒంటరిగా వచ్చారు. పదహారేళ్ల అమ్మాయి ఫోన్‌లో అదే యాప్ పెట్టుకుని తన కంచం కూడా తూచుకుంటోంది. రెండు వారాలుగా రాత్రి సగం వదిలేస్తోంది. ఆ పిల్ల బరువు సరిగ్గా ఉంది. ఎదిగే వయసు, పైగా ఇంటర్ చదువు టెన్షన్.

ఆ రోజే కాటా ఇంట్లోంచి తీయించేశాను. యాప్ తల్లి ఫోన్‌లోంచీ కూతురి ఫోన్‌లోంచీ తొలగించాం. అంకెలు ఇంట్లో గట్టిగా చదవొద్దని చెప్పాను. అమ్మాయితో నేను విడిగా రెండుసార్లు మాట్లాడాను, తర్వాత పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరికి పంపాను. సకాలంలో చూశాం కాబట్టి మూడు నెలల్లో మామూలుగా తినడం మొదలుపెట్టింది. తల్లికి మంచి చేసిన పనిముట్టే కూతురికి హాని చేయబోయింది. అప్పటి నుంచి కాటా ఇచ్చే ముందు ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలున్నారా అని అడుగుతున్నాను. ఉంటే తూకం తలుపు వేసుకుని, అంకెలు నాకు మాత్రమే.

టీచర్ గారికి అప్పటికి కాటా అవసరం తీరిపోయింది. ఏ గిన్నె నింపితే ఎంత అన్నమో కంటికి పట్టేసింది. నోటుబుక్కు మాత్రం నెలకో వారం రాస్తూ వచ్చారు.

సంక్రాంతికి బరువు 900 గ్రాములు పెరిగింది. సకినాలు. ఒక్కోటి 18 గ్రాములు, 90 క్యాలరీల దాకా. పండగ నాలుగు రోజులూ ఎన్ని వెళ్లాయో పుస్తకంలో ఒక్కటీ దాచకుండా రాసుకొచ్చారు. బరువు పెరిగిన వారంలో నిండుగా ఉన్న ఆ పేజీలు చూసి నాకు కలిగిన సంతోషం, తగ్గిన ఏ వారంలోనూ కలగలేదు.

24 వారాలకి 68.2 కిలోలు. నడుము 89. హెచ్‌బీఏ1సీ 5.8. ఇంకా తగ్గాలి. మోకాళ్ల నొప్పి తగ్గి మెట్లు ఎక్కగలుగుతున్నారు. కాగితం మీద లెక్క ప్రకారం ఇంకో రెండు కిలోలు తగ్గాల్సింది. పండగలు, పెళ్లిళ్లు, బరువు తగ్గేకొద్దీ ఒళ్లు ఖర్చు తగ్గించుకోవడం అందుకు కారణాలు.

మార్చిలో వచ్చినప్పుడు అత్తగారు కూడా తోడు వచ్చారు. ఈసారి తన షుగర్ రిపోర్టు తెచ్చుకున్నారు. చేతి సంచిలోంచి మనవడి పాత రఫ్ నోటుబుక్కు తీసి టేబుల్ మీద పెట్టారు. మొదటి పేజీలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసుంది: ‘తెల్లారి 5 గంటలకి చాయ్, చక్కెర రెండు చెంచాలు. 7 గంటలకి పోరడు ఇడిసిపెట్టిన ఇడ్లీ ముక్క. 8 గంటలకి కూరల ఉప్పు చూసిన, రెండు సార్లు.’